కృష్ణుడును భీముడును కూడినచో



హైదరాబాదులో శ్రీ రాజీవ్ చిలక నెలకొల్పిన గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టించిన ఛోటా భీము 2008 నుండి టెలివిజనులో మన పిల్లలను అలరించుచున్నాడు. కొన్ని చిత్రములలో అతడు బృందావన కృష్ణునితో కూడి దుష్టులనెదుర్కొనును. "వేరువేరు కథల వీరులెట్లు కలిసిరి?" అని మా విద్యార్థి యొకడడిగెను.

ఆ కలయిక క్రొత్తది కాదు. ఢోలక్‌పూరు బాలుడు భారతములోని భీముడు కాకున్నను, పేరచ్చటిదే. జరాసంధునికి శిశుపాలాది రాజులు తోడు. అతడు మథురపై 17 మారులు దండెత్తెను. కృష్ణుడు సేనలను గెలిచెనే గాని అతడు చావలేదు. కడకు మల్లయుద్ధమున కృష్ణుడు రెమ్మను చీల్చి సైగ చేయగా, భీముడు వానిని రెండుగా చీల్చెను. ఉపాయమొకరిది, బలమొకరిది, చెరలోని రాజులకు విముక్తి.

ఈ కథను మన పిల్లలెందరు తెలుగులో వినిరి? బేతమంగళ వీధులలో కన్నడము, తమిళము వారికి సహజముగనే అబ్బును, అదియు మేలే. తెలుగు కథ మాత్రము ఇంటనే వినబడవలెను. టెలివిజను ఆపుడని మేము కోరము. పిల్లలు చూచిన పిమ్మట, అన్నము పెట్టుచు జరాసంధుని కథ చెప్పుడు. చదువుట మేము నేర్పెదము, వినుట మీరు నేర్పుడు. ఇల్లును బడియు కూడినచో మన భాషకు భయము లేదు.