ఇంట్లో కెమెరా మీదే, మరి ఆ వీడియో ఎవరి దగ్గరుంది?

ఈ రోజు టాపిక్ ఇంట్లో పెట్టుకునే వైఫై కెమెరా. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల్ని ఫోన్‌లోనే చూసుకోవచ్చని చాలామంది కొంటున్నారు. మంచిదే. కానీ క్లౌడ్ రికార్డింగ్ ఆన్ చేస్తే, ఆ వీడియో వెళ్లి చేరేది కంపెనీ సర్వర్‌లోకి.

అక్కడ ఎవరు చూస్తారు? హ్యాకర్లే అనుకోకండి. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అమెజాన్ వాళ్ల రింగ్ కెమెరా కంపెనీ మీద కేసు వేసింది. ఒక ఉద్యోగి కనీసం 81 మంది మహిళల వీడియోలు వేలల్లో చూశాడని, వాటిలో బెడ్‌రూమ్ కెమెరాలవీ ఉన్నాయని ఆరోపణ. 58 లక్షల డాలర్లు కట్టడానికి కంపెనీ ఒప్పుకుంది.

మరి మన దగ్గర? 2023లోనే డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీలు పాటించాల్సిన ముఖ్యమైన రూల్స్ అమలయ్యేది మాత్రం 2027 మేలో.

అందులో మనకు పనికొచ్చేవి చూద్దాం. మీ డేటా ఏం తీసుకుంటున్నారో చెప్పే నోటీసు తెలుగులో కూడా చదువుకునే వీలు ఉండాలి. ఓకే నొక్కడం ఎంత ఈజీనో, ఆ అనుమతి వెనక్కి తీసుకోవడమూ అంతే ఈజీగా ఉండాలి. డేటాకి సరైన రక్షణ పెట్టకపోతే జరిమానా 250 కోట్ల వరకు ఉంటుంది. అయితే ఆ డబ్బు వెళ్లేది ప్రభుత్వ ఖజానాకి. పరువు పోయిన మనకు పైసా రాదు.

ఇంకో మెలిక ఉంది. సొంత అవసరానికి ఇంట్లో కెమెరా పెట్టుకున్న మీకు ఈ చట్టం వర్తించదు. ఓకే నొక్కేది మీరొక్కరే. వీడియోలో పడేది అమ్మ, చెల్లి, పనికి వచ్చే అక్క, ఇంటికొచ్చిన చుట్టాలు. వాళ్లని ఎవరు అడిగారు? ఈ చట్టం అడగమనలేదు కాబట్టి, అడగాల్సింది మనమే.

అందుకే కెమెరా గుమ్మం దగ్గర పెట్టండి, పడకగదిలో వద్దు. ఇంట్లో అందరికీ చెప్పండి. వీలైతే క్లౌడ్ బదులు మెమరీ కార్డు వాడండి. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చండి. అమ్మేసే ముందు రీసెట్ చేసి, యాప్‌లో అకౌంట్ కూడా డిలీట్ చేయండి. 2027 దాకా ఆగక్కర్లేదు, ఇవన్నీ ఈ రాత్రే చేసేయొచ్చు.