పాత కారుకు క్రొత్త చక్రములు

ఎడ్లబండి చక్రపు కుండ ఇరుసుపై ఎంతవరకు పోవలెనో అంతవరకే పోవలెను. లోనికి జరిగినచో చక్రము బండిని రాచును. వెలికి వచ్చినచో బరువు ఇరుసు కొనపై పడును. ఈ సంగతి కోటబొమ్మాళి ప్రాంతపు వడ్రంగికి ఒకరు చెప్పనక్కరలేదు. బండి స్థానమున మోటారు వచ్చినను ఈ ధర్మము మారలేదు.

పాత స్పోర్ట్స్ కారును ముచ్చటపడి బాగుచేయించుకొనువారు తరచు ముందుగా కోరునవి క్రొత్త చక్రములు. వారు అందమును చూతురు, బోల్టు రంధ్రములను లెక్కింతురు. ఆఫ్‌సెట్‌ను మాత్రము మరతురు. నేడు మేము ముచ్చటించునది దానినిగూర్చియే.

చక్రపు వెడల్పునకు సరిగా నడుమ ఒక గీత గీచితిమనుకొందము. చక్రము హబ్బునకు ఆనుకొను ముఖమునకును ఈ గీతకును గల దూరమే ఆఫ్‌సెట్. ఆ ముఖము గీతకు వెలుపలి వైపున నున్నచో ధనము, లోపలి వైపున నున్నచో ఋణము. పెక్కు చక్రములపై ‘ఈ.టి.’ అను అక్షరముల ప్రక్కన ఈ అంకె మిల్లీమీటర్లలో ముద్రింపబడి యుండును.

ఒక లెక్క చూతము. పాత చక్రము 6 అంగుళముల వెడల్పు, ఆఫ్‌సెట్ 35. క్రొత్తది 7 అంగుళములు, ఆఫ్‌సెట్ 20. వెడల్పులో సగము పెరుగుదల 12.7 మిల్లీమీటర్లు, ఆఫ్‌సెట్ తగ్గుదల 15. వెలుపలి అంచు 27.7 మిల్లీమీటర్లు బయటకు వచ్చును. లోపలి అంచు కూడ 2.3 మిల్లీమీటర్లు వెలికే జరుగును. ఇరుకైన మడ్‌గార్డు గల పాత కారులో టైరు రాచుకొనుటకు ఇది చాలును.

1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మనకు తెలిసిన కారే. 1962లో ఇంగ్లండున వెలువడిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను స్పోర్ట్స్ కారునకు హెరాల్డ్ నిర్మాణమే ఆధారము. వీని నాలుగు బోల్టుల వలయవ్యాసము 95.25 మిల్లీమీటర్లు. నేడు విరివిగా దొరకు 100 మిల్లీమీటర్ల చక్రము కంటికి సరిపోయినట్లే యుండును. దానిని బలవంతముగా బిగించుట అపాయకరము. నడుమ అడాప్టరు పలక వేసినచో, పలక మందమెంతయో అంత ఆఫ్‌సెట్ నుండి తీసివేయవలెను.

కారు పేరొక్కటే యైనను చాలదు. పోర్షె 944 కారునకు 1987 నమూనాతో ఆఫ్‌సెట్ సుమారు మూడు సెంటీమీటర్లు పెరిగినది. రంధ్రములు అవే ఐదు, వలయము అదే 130 మిల్లీమీటర్లు. కనుక ఒకదాని చక్రము మరొకదానికి ఎక్కును గాని, కుదరదు.

కుదరని చక్రమువలన కీడేమి? స్టీరింగు తిరుగు అక్షరేఖను క్రిందికి పొడిగించినచో ఒకచోట నేలను తాకును. ఆ బిందువునకును టైరు నడిమికిని ఎంత దూరముండవలెనో కారును రూపొందించినవారు నిర్ణయించి యుందురు. చక్రము వెలికి జరిగిన ఆ లెక్క తప్పును. ఒక ప్రక్క బ్రేకు గట్టిగా పట్టినను, ఒక చక్రము గోతిలో పడినను స్టీరింగు చేతినుండి లాగికొనును. బేరింగులపై భారము హెచ్చును. కోల్‌కతా–చెన్నై జాతీయ రహదారిపై వేగముగా వచ్చి, కోటబొమ్మాళి వద్ద పల్లెబాటకు మళ్లు కారునకు ఇది ప్రాణముతోడి పని.

కావున కొనుటకు ముందు కారు నమూనా సంవత్సరమును, మూలచక్రపు వెడల్పును, ఆఫ్‌సెట్‌ను, నడిమి రంధ్రపు కొలతను వ్రాసికొనుడు. ఒక్క చక్రమును బిగించి, స్టీరింగును రెండు వైపుల చివరివరకు త్రిప్పి, స్ప్రింగు పూర్తిగా అణగినపుడు టైరు ఎచ్చటనైన తగులునేమో చూడుడు. మన దేశమున చట్టమును కూడ తలపవలెను: తయారీదారు నిర్దేశించిన లక్షణములకు విరుద్ధముగా వాహనమును మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

మూలమునకు ఎంత దగ్గరగా నున్న, పాత కారునకు అంత క్షేమము. అందమును ఆ పిమ్మట చూచుకొనవచ్చును.