పిండమునకు ముందు పత్రము

నేడు న్యాయశాస్త్ర పట్టములు స్వీకరించుచున్న యువమిత్రులారా,

ఓడ విశాఖ రేవును చేరకముందే దానిలోని సరుకుల జాబితా కస్టమ్సు వారికి చేరవలెనను సంగతి ఈ ఊరివారికి ఎవరును చెప్పనక్కరలేదు. శిశువు సరుకు కాదు. అయినను 2025 జూలైలో ఈ నగరము పేరు దేశమంతట వినవచ్చినది ఒక శిశువు జన్మవృత్తాంతము మూలముననే. సికింద్రాబాదులోని సృష్టి ఫెర్టిలిటీ కేంద్రమును ఆశ్రయించిన దంపతులు, సరోగసీ నిమిత్తమై సుమారు 35 లక్షల రూపాయలు చెల్లించి, విశాఖపట్నములో పసికందును చేతికందుకొని, పిమ్మట డీఎన్‌ఏ పరీక్ష చేయింపగా, ఆ బిడ్డకు తమతో రక్తసంబంధము లేదని తేలినది. ఒక పేదజంటకు 90,000 రూపాయలిచ్చి ఆ బిడ్డను తెచ్చిరని పోలీసులు అభియోగము మోపిరి.

దోషనిర్ణయము న్యాయస్థానమునకు విడిచెదను. నా దృష్టి ఆ పెద్ద మొత్తముపై నిలిచినది. 2022 జనవరి 25న అమలులోనికి వచ్చిన సరోగసీ నియంత్రణ చట్టము ప్రకారము, గర్భము మోయు స్త్రీకి వైద్యవ్యయమును, బీమాయును, నిబంధనలు అనుమతించిన ఖర్చులును దక్క ప్రతిఫలమేదియు నీయరాదు. ఇచ్చి సరోగసీ కోరిన దంపతులకు సైతము, తొలి నేరమునకే 5 ఏండ్ల వరకు కారాగారమును, 5 లక్షల వరకు జరిమానాయును విధింపవచ్చును. మోసపోయితినని మీ గడప త్రొక్కిన కక్షిదారు ముద్దాయిగా నిలువవలసి వచ్చుట అసంభవము కాదు.

వయోనియమములు మీరెరిగినవే: భార్యకు 23 మొదలు 50, భర్తకు 26 మొదలు 55. అంతకన్న ముఖ్యమైనది వరుస. జిల్లా వైద్య మండలి వైద్యావశ్యకతను ధ్రువీకరింపవలెను. గర్భము మోయు స్త్రీకి 36 నెలల బీమా కట్టవలెను. పుట్టబోవు బిడ్డ తల్లిదండ్రులెవరో, సంరక్షణ ఎవరిదో నిర్ణయించు ఉత్తరువును ప్రథమశ్రేణి మేజిస్ట్రేటు నుండి ముందుగానే పొందవలెను. ఆ ఉత్తరువే ప్రసవానంతరము జన్మప్రమాణపత్రముగా చెల్లును. ఆ అర్జీపై దంపతులతోపాటు గర్భము మోయు స్త్రీయు అర్జీదారు కావలెను. పిండమును ప్రవేశపెట్టు క్షణము వరకు ఆమె తన సమ్మతిని ఉపసంహరించుకొనవచ్చును కూడ. కావున ఆమె ముఖమైనను చూడని దంపతులు, వారి చేతిలో ఎన్ని ముద్రల కాగితములున్నను, చట్టసమ్మతమైన సరోగసీలో లేనట్లే.

ఈ శాసనము నిర్దోషమని నేననను. చట్టమునకు ముందే పిండములను భద్రపరచుకొన్న దంపతులకు ఈ వయఃపరిమితి వర్తింపదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో చెప్పవలసి వచ్చినది; అవివాహితకు నేటికిని ద్వారము మూసియేయున్నది. తొమ్మిది నెలలు గర్భము మోసిన స్త్రీకి తప్ప, వైద్యునకును ప్లీడరునకును రుసుము ముట్టుట నాకు మ్రింగుడుపడదు. ఐనను చట్టము మారువరకు చట్టమే.

గాజువాక నుండియో, గోపాలపట్నము నుండియో, ఏండ్ల తరబడి ఆస్పత్రుల చుట్టు తిరిగి అలసిన దంపతులు రేపు మీ కార్యాలయమునకు వత్తురు; ఫైలు పట్టుకొని ఒక ఏజెంటు వారి పక్కనే కూర్చుండి, ప్రతి ప్రశ్నకును తానే బదులు చెప్పును. అతనిని బయట కూర్చుండుమనుడు. మేజిస్ట్రేటు ఎదుట మీతో నిలువబోవు స్త్రీ ఎవరని ఆ దంపతులనే అడుగుడు. ఆమెను పిలిపించి ఏకాంతముగా మాటలాడుడు. వకాల్తాపై సంతకము అటుపిమ్మట తీసికొనుడు.