ఇటుక బట్టీ పిల్లకు గ్రంథాలయంల కుర్చీ ఏది?

(నెల్లికుదురు సభలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న మేము ఒక ఊరి గ్రంథాలయానికి పోయినం. మా ఎంట ఇటుక బట్టీల పనిచేసే ఒడిశా కుటుంబం పిల్లలు ఇద్దరున్నరు. "ఏ ఊరు వీళ్లది? చేతులు కడుక్కొని రమ్మనుండ్రి" అన్నరు. పేపరు చదువుతున్న పెద్దమనుషులను ఆ మాట అనలేదు. పిల్లలకు తెలుగు రాదు గని ఆ చూపు సమజైంది. గడప కాడనే ఆగిపోయిన్రు. ఆ చూపు మనకు కొత్తదా? హోటల్ల మనకు వేరే గ్లాసు పెట్టిన చూపే అది.

ఎవరు వీళ్లు? ఒడిశాలోని బలంగీర్, నువాపడ నుంచి అడ్వాన్సు అప్పుకు కట్టుబడి తెలంగాణ బట్టీలకు వచ్చేటోళ్లు. వాళ్లల్ల ఎక్కువమంది దళితులు, ఆదివాసులే. 2005ల సల్వాజుడుం మొదలైనంక ఛత్తీస్‌గఢ్ విడిచి భూపాలపల్లి, ములుగు అడవులకు చేరిన గుత్తికోయలు. మిరప ఏరే కాలంల మూటాముల్లెతోని దిగే కూలీలు. "వీళ్లొచ్చి మన కూలి చెడగొడుతున్నరు" అని మన వాడ పిల్లలే అంటున్నరు. చెడగొట్టేది అప్పుల ఇరుక్కొని వచ్చినోడా, తక్కువకు పనిచేయించుకునే యజమానా? తేల్చుకోవాలె.

మనోళ్లు వలస పోలేదా? వరంగల్ నేతపనివాళ్లు సూరత్, భివండి పోయిన్రు. పాలమూరు కూలీలు బొంబాయి కట్టిన్రు. ఆ బొంబాయిల కార్పొరేషన్ తెలుగు మీడియం బళ్లు పెట్టింది. మన దగ్గర కూడ కొన్ని బట్టీల కాడ ఒడియా పుస్తకాలతో బడులు నడిచినయి. మరి గ్రంథాలయంల ఒక్క ఒడియా బొమ్మల పుస్తకమన్న ఉండొద్దా?

నిజాం కాలంల కచేరీల తెలుగుకు చోటు లేనప్పుడే 1901ల హైదరాబాదుల, 1904ల హనుమకొండల భాషా నిలయాలు పుట్టినయి. (అండ్ల మన వాడలకు ఎంత చోటు దొరికిందో అది వేరే కథ.) చోటు దొరకని భాష కోసం పుట్టిన గ్రంథాలయోద్యమం ఇయ్యాల ఇంకో భాష పిల్లను గడప కాడ ఆపుడేంది?

బాబాసాహెబ్ 1913ల న్యూయార్క్ పోయిండు. పరదేశి. అయినా కొలంబియా గ్రంథాలయంల పొద్దంత కూసొని చదివిండు. 1917ల బరోడాకు కొలువుకు వస్తే సొంత దేశంల తలదాచుకోను గది దొరకలేదు. చిరునామా లేనోడి బాధ ఆయనకు తెలుసు.

1960 గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్ను మీద సెస్సు వసూలైతది. కిరాయికుండేటోడు కట్టే కిరాయిల అదీ ఉన్నట్టే. పుస్తకం ఇంటికియ్యాలంటే డిపాజిట్, చిరునామా అంటరు. బట్టీ గుడిసెకు డోర్ నంబరు ఏడ తేవాలె? మన సంఘం జామీను ఉంటది, పుస్తకం పోతే మేము కడతం. నేషనల్ బుక్ ట్రస్ట్ ఒడియాల, హిందీల పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే అచ్చేస్తది, తెప్పియ్యాలె. కూలి దిగేసరికి తలుపు మూసుంటది. సీజన్ల వారానికి రెండు రోజులన్న రాత్రి ఎనిమిది దాక తెరవాలె. చదువు రాని తల్లులకు చదివి వినిపియ్యాలె, కూలి లెక్క చూసి చెప్పాలె.

ఈ దరఖాస్తు జిల్లా గ్రంథాలయ సంస్థకు రాసినం. సంతకాలు పెట్టుండ్రి. వచ్చే ఆదివారం ఒక పెట్టెల పుస్తకాలు పెట్టుకొని బట్టీ కాడికి పోతున్నం. ఒడియా రాకున్నా రాండ్రి, బొమ్మలు చూపిచ్చుడు అందరికి వస్తది.