జన్యుమార్పిడి ఆహారం – పరీక్ష ఏం చెబుతుంది?



నోయిడాలోని ఒక దుకాణంలో మీరు విదేశీ మొక్కజొన్న చిప్స్ కొన్నారనుకోండి. ఆ మొక్కజొన్న జన్యుమార్పిడి చేసినదో కాదో చూసీ చెప్పలేరు, తినీ చెప్పలేరు. 2018లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ ఢిల్లీ పరిసరాల్లోనూ, పంజాబ్, గుజరాత్‌లలోనూ కొన్న 65 ఆహార నమూనాలను పరీక్షించగా, 21 నమూనాల్లో జన్యుమార్పిడి ఆనవాళ్లు బయటపడ్డాయి. వాటిని ఎలా పట్టుకుంటారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా నమూనాను మెత్తగా పొడిచేసి, అందులోని డి.ఎన్.ఎ.ను వేరుచేస్తారు. మొక్కలో కొత్త జన్యువును చేర్చేటప్పుడు దాన్ని పనిచేయించే ఒక మీటను కూడా చేరుస్తారు. చాలా పంటల్లో ఆ మీట కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తీసుకున్న 35ఎస్ ప్రమోటర్. మొదట వెతికే ఆనవాళ్లలో ఇది ఒకటి. లేశమాత్రంగా ఉన్నదాన్ని పెంచి చూపేది పాలిమరేజ్ చైన్ రియాక్షన్, అంటే పి.సి.ఆర్. వేడిచేస్తే డి.ఎన్.ఎ. జంట పోగులు విడిపోతాయి. చల్లబరిస్తే ప్రైమర్లు అతుక్కుంటాయి. ఎంజైము కొత్త పోగును అల్లుతుంది. ప్రతి ఆవృతికీ ప్రతులు రెట్టింపవుతాయి. ఆ లెక్కన 30 ఆవృతులకు ఒక్క ముక్క వంద కోట్లు దాటుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు గుర్తుంచుకోండి. మొదటిది: ఆ వైరస్ క్యాబేజీ జాతి మొక్కలకు సహజంగానే సోకుతుంది. కాబట్టి జన్యుమార్పిడి లేకపోయినా 35ఎస్ కనిపించవచ్చు. చేర్చిన జన్యువును విడిగా నిర్ధారించాలి. రెండవది: మన దేశంలో 2002లో బి.టి. పత్తికి అనుమతి లభించింది. పత్తిగింజల నూనెను వంటల్లో వాడుతున్నాం. శుద్ధి చేసిన నూనెలో డి.ఎన్.ఎ. దాదాపు మిగలదు. అక్కడ 'కనబడలేదు' అంటే 'లేదు' అని అర్థం కాదు. గింజ దశలోనే పరీక్షించడం మేలు.

ఇదంతా ఎందుకు? 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం అనుమతి లేని జన్యుమార్పిడి ఆహారాన్ని అమ్మరాదు, దిగుమతి చేయరాదు. 2021 మార్చి 1 నుంచి 24 పంటల దిగుమతులకు జన్యుమార్పిడి లేదన్న ధ్రువపత్రం తప్పనిసరి అయింది. పొరపాటున కలిసినది 1 శాతం మించరాదు. చట్టం కాగితం మీద ఉంటుంది. దాన్ని నిలబెట్టేది ప్రయోగశాల ఫలితమే. ఆ ఆహారం హానికరమా కాదా అన్నది మాత్రం ఈ పరీక్ష చెప్పదు. అది వేరే పరిశోధన.

కనుక ఏ నివేదిక చూసినా మూడు ప్రశ్నలు వేయండి: నమూనా ఏ దశలో తీశారు? దేనికోసం వెతికారు? ఎంత తక్కువ మోతాదును పట్టగలరు? జవాబులు దొరికితేనే ఆ ఫలితానికి విలువ.