నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

ఇంజన్ల గురించి ఒక ప్రసంగం చేయమని ఆకాశవాణి వారు అడిగినప్పుడు, మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించని ఇంజను గురించి చెప్తానన్నాను. కువైట్‌లో షెడ్డు పని చేసిన కాలంలో ఎన్నో రకాల బండ్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. మనసు నిలిచింది మాత్రం మాజ్దా వాళ్ల రోటరీ ఇంజను మీద. అది వేడెక్కి నీళ్లు తాగేసే జబ్బు ఎలా వస్తుంది, ఎలా పట్టుకోవాలి, ఎలా నయం చేయాలి, ఇదీ ఇవాళ్టి విషయం. రేడియేటరు ఎందుకుందో మీకు తెలుసు కాబట్టి దాని జోలికి పోను.

ఈ ఇంజన్లో పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. నడుము కాస్త నొక్కుకుపోయిన అండాకారపు గదిలో మూడు మూలల రోటరు తిరుగుతుంది. ఆలోచన జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్‌ది. 1957లో ఎన్ఎస్‌యూ కంపెనీలో మొదటి ఇంజను తిరిగింది. పట్టు వదలకుండా దాన్ని బతికించింది మాత్రం హిరోషిమాలోని మాజ్దా వాళ్లు. కెనిచి యమమోతో బృందం కష్టపడి 1967లో కాస్మో స్పోర్ట్ కారును రోడ్డెక్కించింది. 1991లో నాలుగు రోటర్ల 787బి కారు లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. చరిత్ర ఇంతటితో చాలు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఒకటుంది. మామూలు ఇంజన్లో మంట మండిన సిలిండర్లోకే మళ్లీ చల్లగాలి వస్తుంది, గోడకు కాస్త తెరిపి దొరుకుతుంది. రోటరీకి ఆ భాగ్యం లేదు. ప్లగ్గులున్న వైపు ఎప్పుడూ మంటే, గాలి పీల్చే వైపు ఎప్పుడూ చల్లనే. ఒకే గదికి ఒక పక్క కాలుతుంటే ఇంకో పక్క చల్లగా ఉంటుంది. దానికి తోడు రెండు రోటర్ల 13బి అనే మాజ్దా ఇంజన్లో మూడు పోత ఇనుప పలకలు, వాటి నడుమ రెండు అల్యూమినియం గదులు. టిఫిను క్యారియరు గిన్నెల్లాగా వరసగా పేర్చి, ఈ చివరి నుంచి ఆ చివరికి పొడుగాటి బోల్టులు దూర్చి బిగిస్తారు. హెడ్ గాస్కెటు అనేదే లేదు. ఒక్కో అతుకులో రెండేసి రబ్బరు రింగులు, నాలుగు అతుకులకు ఎనిమిది. లోపలి రింగు మంటను నీళ్లలోకి రానివ్వదు, బయటి రింగు నీళ్లను బయటికి పోనివ్వదు. ఒక్కసారి వేడి మితిమీరిందా, ఇనుము కన్నా ఎక్కువగా సాగే అల్యూమినియం ఆ రబ్బరును నలిపేస్తుంది. వేడికి రబ్బరు ఎండి గట్టిపడుతుంది. చల్లారాక మళ్లీ ఉబ్బి ఆ సందును మూయలేదు.

మా షెడ్డులో పెద్ద మేస్త్రి పెషావరు మనిషి. అందరం ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్లం. 50 డిగ్రీలకు చేరే ఎండల్లో ఒక కాలేజీ కుర్రాడు ఆర్‌ఎక్స్-8 అనే మాజ్దా రోటరీ కారు తీసుకొచ్చాడు. రోజూ నీళ్లు తగ్గుతున్నాయి, నేల మీద చుక్క కనిపించదు. ఇంకో షెడ్డులో ఇంజను పోయింది, మార్చాలి అన్నారట. ఉస్తాద్ స్పానరు ముట్టలేదు. బండి చల్లారేదాకా ఆగి, నీళ్లు పోసే మూత తీసి ఆ నోటికి చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత ప్రెషరు ఎక్కించి, షెడ్డుకు తాళం వేయించాడు. పొద్దున్నే చూస్తే పంపు ముల్లు సగానికి దిగి ఉంది. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల దగ్గర తెల్లగుడ్డ పట్టుకోమని నాకిచ్చి, సెల్ఫ్ కొట్టాడు. గుడ్డ పొడిగానే ఉంది. అంటే నీళ్లు లోపలికి పోవడం లేదు. టార్చి వేసి వెతికితే, వాటర్ పంపు అతుకు కింద పాలిపోయిన పొడి చార కనిపించింది. ఊరిన నీరు వేడి లోహం మీదే ఆరిపోతోంది, నేలదాకా రావడం లేదు. గాస్కెటు మార్చాం, ఇంజను బతికింది.

గుడ్డ తడిస్తే కథ వేరు. లోపలి రింగు పోయిన బండి చెప్పే గుర్తులు మర్చిపోలేనివి. రాత్రంతా నిలబడ్డ బండి పొద్దున ఒక రోటరు మీదే కుంటుతూ స్టార్టవుతుంది. పొగ తెల్లగా, తియ్యటి వాసనతో వస్తుంది. నడుస్తున్నప్పుడు మంట తాలూకు గ్యాసు నీళ్లలో దూరి బుడగలు లేస్తాయి, హోసులు రాయిలా బిగుస్తాయి, పక్కనున్న డబ్బా పొంగిపోతుంది. ఆ నీళ్ల పైన చేరే ఆవిరిని పట్టి చూసే నీలం మందు ఒకటుంది, గ్యాసు తగిలితే పసుపుకు తిరుగుతుంది.

నయం చేయడమంటే ఇంజను దించడమే. 54 మిల్లీమీటర్ల ఫ్లైవీల్ నట్టు ఊడదీసి, పొరలన్నీ విడదీసి, ఇనుప పలకల మీద తిన్నటి బద్ద పెట్టి వంకర చూడాలి. 0.04 మిల్లీమీటరు దాటితే ఆ పలక అలాగే పనికిరాదు. గాడుల్లో తుప్పు తిన్నచోట ఎంత కొత్త రింగు వేసినా నిలవదు. రింగులు జారకుండా వాజిలీను పూసి కూర్చోబెట్టి, బోల్టులను వరస తప్పకుండా విడతలుగా బిగించాలి. చివర్న హీటరు పూర్తిగా తిప్పి, బుడగ ఆగేదాకా నీళ్లు నింపాలి.

ఇంత ఓపిక ఇవాళ ఎక్కడుంది? లీకు ఆపే సీసా మందు ఒకటి పోసి పంపేస్తున్నారు. అది కారే చోటు కన్నా ముందు హీటరు సన్న గొట్టాలను మూసేస్తుంది. మన ఊళ్లలోనైతే కూలెంటు తగ్గితే బోరు నీళ్లు పోస్తారు. ఆ ఉప్పు నీళ్లు లోపల పాచిలా పేరుకుని, మంచి ఇంజన్ను కూడా ఉడకబెడతాయి. డాష్‌బోర్డు ముల్లును నమ్మడం ఇంకో దురలవాటు. ఆర్‌ఎక్స్-8లో వేడి చాలా పెరిగేదాకా ఆ ముల్లు నడిమధ్యే నిలబడుతుంది, అది కదిలేసరికి ముప్పు మొదలైపోయి ఉంటుంది.

ఆర్‌ఎక్స్-8 తయారీ 2012లో ఆగిపోయింది. ఉస్తాద్ లాంటి చేతులూ తగ్గిపోతున్నాయి. కానీ ప్రెషరు ఎక్కించి ఒక రాత్రి ఆగే పద్ధతి, నీళ్లతో చల్లబడే ప్రతి బండికీ, మన ఆటో ట్రాలీకీ, ట్రాక్టరుకూ పనికొస్తుంది. ఐటీఐ ప్రిన్సిపాళ్లు ఎవరైనా వింటుంటే ఒక్క విన్నపం: మోటారు మెకానిక్ చదివే పిల్లల చేతికి స్పానర్ల పెట్టెతో పాటు ఆ చేతిపంపు కూడా ఇవ్వండి. నీళ్లు ఎక్కడికి పోయాయో తేలేదాకా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి.