పిల్లలు కథ రాస్తే నీతి అడగొద్దు

ఇవాళ ఫోన్ల ముచ్చట లేదు, యాప్‌ల ముచ్చట లేదు. బడి ముచ్చట. కొంచెం ఓపిక పట్టి వినండి.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు తెలుగు సార్ ఒకరోజు "మీకు నచ్చిన కథ ఒకటి రాసుకుని రండి" అన్నారు. నేను కుక్క కథ రాశా. ఊరి బస్టాండ్ దగ్గర ఒక కుక్క ఉంటది. దాని యజమాని ఒక శుక్రవారం బస్సెక్కి పోయాడు. అందుకని ప్రతి శుక్రవారం ఆ బస్సు వచ్చే టైముకు పోయి నిలబడుతుంది. బస్సు వస్తుంది, అందరూ దిగుతారు, ఆయన దిగడు. కుక్క మళ్ళీ శుక్రవారం దాకా అక్కడే పడుకుంటుంది. అంతే కథ.

సార్ మూడు చోట్ల ఒత్తులు దిద్ది, కింద ఎర్ర పెన్నుతో "నీతి ఏది?" అని రాశారు. పదికి నాలుగు మార్కులు. నేను ఇంటికి పోయి "నీతి: కుక్క విశ్వాసం గల జంతువు" అని చేర్చి మళ్ళీ చూపించా. ఆరు అయినయ్.

అప్పుడు మా బాపు మస్కట్‌లో ఉండె. శుక్రవారం ఆయనకు సెలవు, ఆ రోజే ఫోన్ చేసేవాడు. నేను రాసింది కుక్క గురించి కాదని సార్‌కు తెలియదు. నిజం చెప్పాలంటే నాక్కూడా తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత, ఉద్యోగంలో చేరాక, ఒక రాత్రి ఊరికే గుర్తొచ్చి లేచి కూర్చున్నా.

సార్‌ను తప్పుపట్టడానికి ఇది చెప్పట్లేదు. మంచి సారే. యాభై నోట్‌బుక్కులు దిద్దాలి, సిలబస్ అయిపోవాలి. పైగా కథ అంటే చివర నీతి ఉండాలని ఆయనకూ అట్లనే నేర్పారు.

మన కరీంనగర్ వైపు వాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. జగిత్యాల, సిరిసిల్ల, అటు నిర్మల్ దాకా ఏ ఊరికి పోయినా దుబాయ్‌లోనో సౌదీలోనో మస్కట్‌లోనో ఒక మనిషి ఉన్న ఇల్లు తగులుతుంది. మగ్గాల పని కోసం భీవండి పోయినవాళ్ళు వేరే. అమ్మ ఇంటి దగ్గర బీడీలు చుడుతూ పిల్లల్ని సాకుతుంది. నాన్న అంటే రెండు మూడేళ్ళకోసారి వచ్చే సూట్‌కేసు. ఇంకోపక్క గురుకులాలు. ఐదో తరగతి సీటు కోసం ఎంట్రెన్స్ రాయిస్తారు, సీటు వస్తే ఇంట్లో పండగ. పండగ చేసుకోవాల్సిన విషయమే, చదువు బాగుంటుంది. కానీ ఆ పిల్లకు పదేళ్ళు. ట్రంకు పెట్టె పక్కన పెట్టుకుని, తెలియని హాల్లో, లైటు తీసేశాక మొదటి రాత్రి ఎట్లా ఉంటుందో మనం అడగం. ఉట్నూర్, ఆసిఫాబాద్ ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాలల్లో అయితే అంతకంటే చిన్న పిల్లలే ఉంటారు.

ఈ పిల్లల్లో ఎవరినైనా పిలిచి "బాధగా ఉందా రా?" అని అడగండి. "లేదు సార్" అంటాడు. "ఏమైంది?" అంటే "ఏం కాలే." అబద్ధం ఆడాలని కాదు. ఆ వయసులో తన లోపల ఉన్నదానికి వాడి దగ్గర పేరు లేదు. ఉన్నా, పెద్దమనిషి ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేదు. మనం మాత్రం పిల్లల మనసు గురించి ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం మాత్రమే టీవీలో మాట్లాడుకుంటాం. 2022లో దేశం మొత్తం మీద 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని నేర గణాంకాల సంస్థ లెక్క. వాళ్ళందరూ ఒకప్పుడు "ఏం కాలే" అన్న పిల్లలే అయ్యుంటారని నాకు అనిపిస్తుంది.

కథ ఇక్కడే పనికొస్తుంది. కథలో "నేను" అనక్కర్లేదు. కుక్క అనొచ్చు, చేప అనొచ్చు, పక్క ఊరి పిల్లగాడు అనొచ్చు. ఎవరన్నా నిలదీస్తే "ఉత్త కథ సార్" అని తప్పించుకోవచ్చు. ఆ తప్పించుకునే దారి ఉంది కాబట్టే పిల్లలు లోపలిదాకా పోతారు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకు తెలిసే ఉంటుంది, మా దగ్గర ఒక పిచ్చి అలవాటు ఉంది. కోడ్‌లో తప్పు దొరక్కపోతే టేబుల్ మీద ఒక రబ్బరు బాతును పెట్టుకుని దానికి లైన్ లైన్ వివరించి చెప్తాం. బాతు ఏం మాట్లాడదు. కానీ చెప్తూ చెప్తూ ఉంటే మధ్యలో మనకే తప్పు కనబడుతుంది. బయటికి చెప్పాలంటే ముందు వరసలో పెట్టుకోవాలి కదా, ఆ పెట్టుకోవడంలోనే సగం పని అయిపోతుంది. పిల్లల కథల గురించి చదువుతుంటే నాకు ఆ బాతే గుర్తొచ్చింది.

దీని మీద పరిశోధన కూడా ఉంది. జేమ్స్ పెన్నెబేకర్ అని అమెరికా సైకాలజిస్టు. 1986లో అచ్చయిన ఆయన ప్రయోగంలో కాలేజీ పిల్లల్ని వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయమన్నారు. కొందరిని జీవితంలో బాగా కష్టపెట్టిన సంగతి గురించి, కొందరిని మామూలు విషయాల గురించి. కష్టం గురించి రాసినవాళ్ళకు రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. కానీ ఆ తర్వాతి నెలల్లో, జరిగినదాన్నీ దాని గురించి తమకు ఏమనిపించిందో దాన్నీ కలిపి రాసినవాళ్ళు హెల్త్ సెంటర్‌కు పోవడం తగ్గింది. 2006లో జోఆన్ ఫ్రాటరోలి అనే పరిశోధకురాలు ఇలాంటి 146 అధ్యయనాలను కలిపి చూస్తే మేలు ఉంది, కానీ చిన్నదే అని తేలింది. రాస్తే అన్నీ నయమైపోతాయి అని ఎవరన్నా వీడియో చేస్తే నమ్మకండి. నా వీడియో అయినా సరే.

పెన్నెబేకర్ అడిగింది కాలేజీ వాళ్ళను, అదీ సూటిగా. పదేళ్ళ పిల్లను కూర్చోబెట్టి "నీ కష్టం రాయి" అంటే భయపడుతుంది. ఆ వయసుకు కథ అనే ముసుగే నయం.

మరి బళ్ళో కథ రాయడానికి చోటు లేదా అంటే, ఉంది. మన తెలంగాణ తెలుగు వాచకాల్లో పాఠం వెనక అభ్యాసాల్లో సృజనాత్మకత అని ఒకటి ఉంటుంది. కథ రాయండి, లేఖ రాయండి, సంభాషణ రాయండి. మంచి ఆలోచన. మనం ఏం చేశాం? గైడు కొన్నాం. సృజనాత్మకత ప్రశ్నకు జవాబు బట్టీ పట్టిన తరం మనది. నేనూ పట్టాను, బాగానే మార్కులొచ్చాయి.

ఉట్నూర్ వైపు నా దోస్తు ఒకడు టీచర్. వాడి క్లాసులో సగం మంది ఇంట్లో గోండి మాట్లాడతారు, కొందరు కొలామీ. మొదట వాడు అందరినీ తెలుగులో కథ రాయమన్నాడు. అందరివీ ఆరు లైన్లు, అందరివీ "అనగనగా ఒక రాజు". ఇక్కడ ఏ రాజు ఉన్నాడు రా అని వాడే నవ్వుకున్నాడట. తర్వాతి వారం "మీ ఇంట్ల మాట్లాడే మాటల్లో చెప్పండి, తర్వాత తెలుగు అక్షరాల్లోనే రాయండి, నాకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు" అన్నాడు. ఎప్పుడూ నోరు తెరవని ఒక పాప రెండు పేజీలు రాసింది. చేను కాపలాకు మంచె మీద ఒక్కతే ఉన్న పిల్ల కథ. పక్కన కూర్చున్న అమ్మాయి సార్‌కు తెలుగులో చెప్పింది. ఆ కథలో ఏముందో నేను చెప్పను, ఎందుకో తర్వాత చెప్తా.

దుఃఖం మొదట వచ్చేది ఇంటి భాషలోనే. ఇది కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1943లోనే ఆసిఫాబాద్ అడవుల్లోని మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ గోండు యువకులకు టీచర్ శిక్షణ మొదలుపెట్టించాడు, గోండిలో వాచకాలు తయారు చేయించాడు. గుంజాల అని నార్నూర్ మండలంలో ఒక ఊరు, అక్కడ దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. ఆదిలాబాద్‌లోనే తొడసం కైలాస్ గారని ప్రభుత్వ టీచర్ ఉన్నారు, మహాభారతాన్ని గోండిలో రాశారు. ఏఐ టూల్స్‌తో కొలామీలో పాట చేశారని 2025 ఫిబ్రవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో ఆయన పేరు చెప్పారు. టెక్నాలజీ ఎటు పనికొస్తుందో అంటే నాకు గుర్తొచ్చేవి ఇలాంటివే.

మీలో డీఎడ్, బీఎడ్ చేస్తున్నవాళ్ళు, ఊళ్ళో ట్యూషన్ చెప్పేవాళ్ళు ఉన్నారని తెలుసు. మా దోస్తు చేసేది చెప్తా, పెద్ద లెక్కేం కాదు. వారానికి ఒక్కసారి, ఇరవై నిమిషాలు. దీనికి వేరే నోట్‌బుక్కు, మార్కుల పుస్తకంలో కలపడు. ముందు తనే ఒక కథ చెప్తాడు. గిజుభాయి దివాస్వప్నలో మాస్టారు కూడా మాట వినని క్లాసును కథలతోనే దారికి తెస్తాడు కదా, అట్లా. తర్వాత ఒక మొదలు ఇస్తాడు. ట్రంకు పెట్టెకు మాటలొస్తే రాత్రిపూట ఏం చెప్తుంది? మానేరు డ్యాం గేట్లు ఎత్తిన రోజు నీళ్ళతో పాటు కొట్టుకుపోయిన చేప ఎక్కడ తేలింది? "మీ నాన్న గురించి రాయండి" అని మాత్రం ఎప్పుడూ అడగడు. రాయాలనుకున్నవాడు చేప గురించి రాస్తూ నాన్న దగ్గరికి పోతాడు. వద్దనుకున్నవాడు చేప దగ్గరే ఆగిపోతాడు, అదీ మంచిదే.

ఎర్ర పెన్ను ముట్టడు. ఒత్తులు, దీర్ఘాలు వేరే రోజు చూసుకుంటాడు. పేజీ మడిచి ఇస్తే చదవడు, అది ఒప్పందం. చదివినవాటి కింద మార్కులు కాకుండా ఒక ప్రశ్న రాస్తాడు. ఆ చేపకు అక్కడ ఎవరన్నా దొరికారా? చీకటైతే ఆ పిల్ల ఏం చేస్తుంది? నా కుక్క కథ కింద "నీతి ఏది" బదులు "రాత్రిపూట దానికి అన్నం ఎవరు పెడతారు" అని ఉంటే నేను ఇంకో నాలుగు పేజీలు రాసేవాడిని.

రాసిన వెంటనే మనసు బరువెక్కుతుంది అన్నాను కదా, అందుకే ఇది ఆఖరి పీరియడ్‌లో పెట్టడు. రాశాక ఆట ఉంటుంది. ఏడుపు మొహంతో హాస్టల్ గదికి పంపకూడదు.

ఇప్పుడు జాగ్రత్తగా వినాల్సిన ముచ్చట. టీచర్ డాక్టర్ కాదు, కథ రిపోర్టు కాదు. పిల్లాడు రాక్షసుడు ఊరందరినీ తిన్నాడని రాస్తే కంగారు పడకండి, పిల్లలకు రాక్షసులంటే ఇష్టం. కానీ వారం వారం అదే భయం తిరిగి తిరిగి వస్తుంటే, దానితోపాటు తిండి తగ్గితే, ఆట మానేస్తే, నిద్ర పోకపోతే అప్పుడు ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలి, కౌన్సెలర్‌ను వెతకాలి. ఫోన్లో అయితే 14416, టెలీ మానస్. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, డబ్బులు అడగరు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇక పిల్ల మీద ఎవరో చేయి వేస్తున్నారని కథలో కనబడితే, అది రహస్యంగా దాచే విషయం కాదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్ళు ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. బడి పరువు, ఊరి పరువు అని ఆగడానికి లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098. అందుకే మా దోస్తు మొదటి రోజే పిల్లలకు చెప్పేస్తాడు: "మీరు రాసింది ఎవరికీ చెప్పను. కానీ మీకు ఎవరన్నా హాని చేస్తున్నారని తెలిస్తే, మిమ్మల్ని కాపాడేవాళ్ళకు చెప్తా." ముందే చెప్పాలి. ఎవరికీ చెప్పనని మాటిచ్చి తర్వాత చెప్తే ఆ పిల్ల ఇంకెవర్నీ నమ్మదు.

పిల్లల కథలు అచ్చు వేయడం మంచి పనే. అనంతపురం వైపు నుంచి 2008లో మొదలైన కొత్తపల్లి పత్రికలో పిల్లలు రాసినవి చదవండి, హాయిగా ఉంటాయి. మణికొండ వేదకుమార్ గారి బాలచెలిమి తరఫున మన ఉమ్మడి జిల్లాల బడిపిల్లల కథలు పుస్తకాలుగా వచ్చాయి. తన పేరు అచ్చులో చూసుకున్న పిల్లకు వచ్చే ధైర్యం వేరే. కానీ అచ్చుకు ఇచ్చే కథ వేరు, ఆ నోట్‌బుక్కులో కథ వేరు. ఏది బయటికి పోవాలో పిల్లే చెప్పాలి.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. మంచె కథ విన్నప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన ఏంటంటే, ఆ పేజీ ఫొటో తీసి వీడియోలో పెడితే, వెనక సన్నగా మ్యూజిక్ వేస్తే ఎంతమంది చూస్తారో అని. దోస్తును అడిగా కూడా. "పేరు బ్లర్ చేస్తా రా" అన్నా. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ పిల్ల నాకు రాసింది రా, నీకు కాదు" అన్నాడు. అందుకే ఆ కథ ఈ ఎపిసోడ్‌లో లేదు. పిల్లల నోట్‌బుక్కులు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే టీచర్లు ఎవరన్నా ఇది వింటుంటే, మంచి ఉద్దేశంతోనే పెడుతున్నారని తెలుసు. అయినా తీసేయండి.

పోయిన నెల ఊరికి పోయినప్పుడు మా బాపుకు కుక్క కథ చెప్పా. ఆయన వాపసు వచ్చి పదేళ్ళు దాటింది, ఇప్పుడు రెండెకరాల పొలం చూసుకుంటున్నాడు. మొత్తం విన్నాడు. నీతి ఏందని అడగలే. కాసేపు ఊకుండి, "ఆఖరికి దిగిండా బస్సు?" అన్నాడు.

"ఇంకా రాయలే బాపూ" అన్నా.